మొక్కున్న చోటు

మంచిర్యాలలో కిరాయి కార్లు నడిపేవాళ్లను "ఒక్కరోజుల గుళ్లు తిరిగి రావాలె" అని అడిగితే తడుముకోకుండా మూడు పేర్లు చెబుతారు: ధర్మపురి, కొండగట్టు, వేములవాడ. పొద్దున గోదావరిలో మునిగి నర్సన్నను చూసి, మధ్యాహ్నానికి అంజన్న గుట్ట ఎక్కి, పొద్దుగూకే వేళకు రాజన్న దగ్గర క్యూలో నిలబడవచ్చు. రద్దీ లేకపోతే రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు కూడా. రద్దీ ఉన్న రోజున మూడు చోట్లా కలిపి గర్భగుడి ఎదుట నిలబడే సమయం రెండు నిమిషాలు దాటదు. మిగతాదంతా రోడ్డు, క్యూ, కొబ్బరికాయల కొట్టు, చెప్పుల స్టాండు.

దేవుడు అంతటా ఉన్నాడని నమ్మే మనిషికి ఈ తిరుగుడంతా దేనికి? ఇది పాత ప్రశ్నే. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు దేహాన్నే దేవాలయం అన్నాడు. ఆయన దారిలో నడిచినవాళ్లు ఇష్టలింగాన్ని ఒంటిమీదే ధరించి గుడి అవసరం లేకుండా చేసుకున్నారు. వేమన రాళ్లకు మొక్కేవాళ్లను, తీర్థాలు తిరిగేవాళ్లను ఎగతాళి చేశాడు. తెలుగువాళ్లు పిల్లలను బాసరకు తీసుకెళ్లి సరస్వతి ఎదుట అక్షరాభ్యాసం చేయించారు, అక్షరాలు వచ్చాక అదే పిల్లలకు వేమన పద్యాలు బట్టీ పట్టించారు. ఈ రెంటికీ పొసగదని ఎవరికీ అనిపించలేదు.

వాళ్లు పొరపడ్డారనుకోవడం తేలిక. ప్రశ్నే సరిగా పడలేదేమోనని చూడటం మేలు. దేవుడు ఎక్కడ ఉన్నాడన్నది పక్కన పెట్టి, ఒక చోటు క్షేత్రం ఎట్లా అవుతుంది, అయినది ఎట్లా కాకుండా పోతుంది అని అడిగితే ఉత్తర తెలంగాణలో రెంటికీ సాక్ష్యం దొరుకుతుంది.

పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట ఉంది. శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం అది. 1970లలో పురావస్తు శాఖ తవ్వితే చెక్కిన రాతి పలకలు బయటపడ్డాయి. వాటిలో బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగు శిల్పం కూడా ఉంది. ఒకప్పుడు భిక్షువులు, వర్తకులు ప్రదక్షిణ చేసిన చోటు. రాయి ఉంది, పలకల మీద పనితనం ఉంది, చరిత్ర పుస్తకాల్లో పేరుంది. మొక్కు మాత్రం ఎవరికీ లేదు. అక్కడికి వెళ్లినవాళ్లు ఫొటో తీసుకుంటారు, చెప్పులు విప్పాలా వద్దా అని ఒక్క క్షణం సందేహిస్తారు.

మేడారంలో ఇందుకు పూర్తిగా తిరగబడిన సంగతి కనిపిస్తుంది. అక్కడ గద్దెల మీద విగ్రహం లేదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను తీసుకొస్తారు. దేవత వచ్చే రూపం కుంకుమ భరిణ, వెదురు. నాలుగో రోజు దేవతలు వనప్రవేశం చేస్తారు. ఆ నాలుగు రోజుల్లో కోటి మందికి పైగా వస్తారని ప్రభుత్వం లెక్క చెబుతుంది. నిలువెత్తు బంగారం పేరుతో మనిషి బరువుకు బెల్లం తూచి ఇస్తారు. నడుమ రోజుల్లోనూ వచ్చి మొక్కేవాళ్లు లేకపోలేదు కానీ, జాతరలో అడవి మధ్య పుట్టే మహానగరం జాతరతోనే వెళ్లిపోతుంది. మేడారం పోలేనివాళ్ల కోసం మంచిర్యాలలో, గోదావరిఖనిలో నది ఒడ్డున గద్దెలు వెలిశాయి. బొగ్గు గనుల జనం అక్కడే బంగారం సమర్పించుకుంటారు. వనదేవత నది ఒడ్డుకూ వచ్చింది. ఇది నకలు, అది అసలు అని ఎవరూ తగవు పెట్టుకోలేదు.

వచ్చి వెళ్లడం మేడారానికి మాత్రమే పరిమితం కాదు. తెలంగాణ పల్లెల్లో మొహర్రానికి పీర్లను నిలబెడతారు. ఏడాదంతా భద్రంగా మూటగట్టి దాచిన పంజాలు బయటికొస్తాయి, గుండం తవ్వుతారు, ముస్లింలతో పాటు హిందువులూ పీర్లు ఎత్తుకుంటారు. పది రోజులు దాటాక పంజాలు మళ్లీ మూటలోకి వెళ్తాయి. బతుకమ్మను పేర్చిన రోజే నీళ్లలో కలుపుతారు. ఇంట్లో వ్రతం చేసినా ఆవాహనతో మొదలై ఉద్వాసనతో ముగుస్తుంది. రాతిగుడి సంగతి వేరని, అక్కడ దేవుడు స్థిరంగా ఉంటాడని అనిపించవచ్చు. ఆగమాలు అంత ధీమాగా లేవు. నిత్యపూజ ఆగితే ప్రాయశ్చిత్తం చేయాలంటాయి. పన్నెండేళ్లకోసారి కుంభాభిషేకమో సంప్రోక్షణో జరపడం ఆలయాల ఆచారం. ప్రతిష్ఠ చేసి వదిలేస్తే సాన్నిధ్యం తగ్గిపోతుందన్న భయం శాస్త్రంలోనే ఉంది.

ఈ భయాన్ని మెస్రం వంశం గోండుల కంటే గట్టిగా పట్టించుకున్నవాళ్లు ఈ ప్రాంతంలో లేరు. వాళ్ల దేవుడు నాగోబా. గుడి ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఉంది. పుష్య అమావాస్య రాత్రి అభిషేకానికి కావలసిన నీళ్లు అక్కడి బావిలో తోడరు. మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు దగ్గర, గోదావరిలో హస్తినమడుగు నుంచి తేవాలి. వాహనం ఉన్నా ఎక్కరు. ఊళ్లు, అడవి దాటుకుంటూ రోజుల తరబడి చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి, అట్లాగే నడిచి తెస్తారు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద బస. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయించాలి. మెస్రం ఇంటి కొత్త కోడళ్లను తెల్ల బట్టల్లో నాగోబా ముందుకు తీసుకొచ్చి పరిచయం చేస్తారు. భేటింగ్ అంటారు దాన్ని. అది అయ్యేవరకు కోడలు వంశ దేవుణ్ణి పూజించే హక్కు పొందదు. కొమురం భీం పోరాటం ముగిశాక, 1940లలో నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ జాతరలోనే గిరిజనుల కష్టాలు వినే దర్బారు మొదలుపెట్టించాడు. అధికారులు ఇప్పటికీ వస్తారు, అర్జీలు తీసుకుంటారు. 2022 డిసెంబరులో కొత్త రాతి గుడి ప్రారంభమైంది. దానికి మెస్రం వంశస్థులే చందాలు వేసుకున్నారు.

గుడి కొత్తదైంది, నడక పాతదే. ఏదో ఒక ఏడాది ఆ నీళ్లు ట్యాంకరులో తెప్పిస్తే నాగోబాకు తక్కువేమిటి? రసాయనికంగా ఏమీ కాదు. మెస్రం పెద్దలకు ఆ ప్రశ్నే వింతగా ఉంటుంది. నీళ్లతో పాటు రావలసింది మరొకటుంది, అది నడిస్తే తప్ప రాదు.

దాన్ని తెలంగాణలో మొక్కు అంటారు. భక్తి కంటే గరుకైన సంగతి ఇది. మొక్కులో బాకీ ఉంటుంది. పిల్లవాడికి జ్వరం తగ్గితే, బిడ్డకు పెళ్లి కుదిరితే, పొలంలో బోరు పడితే "ఇది ఇస్తా" అని మాట ఇచ్చి తర్వాత తీర్చుకోవడం. వేములవాడలో దీనికి కోడె మొక్కు ప్రసిద్ధి. కోడెను పట్టుకుని రాజన్న గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. సొంతంగా తెచ్చినవాళ్లు అప్పగించి వెళ్తారు, తేలేనివాళ్లు టికెట్టు తీసుకుని ఆలయం కోడెతోనే మొక్కు చెల్లిస్తారు. అదే ప్రాంగణంలో తరతరాలుగా ఒక దర్గా కూడా ఉంది. కోడె కట్టిన మనిషి అక్కడా దండం పెట్టుకోవడం వేములవాడ అలవాటు. బాకీ ఒకటే, వినేవాళ్లు ఇద్దరున్నా నష్టం లేదు.

ఈ లెక్కలో ఇబ్బందీ ఉంది. మొక్కింది మనిషి, ఫలితం దక్కింది మనిషికి, ఊరు విడిచింది కోడె. అప్పగించిన కోడెలు తిప్పాపూర్ గోశాలకు చేరతాయి. వాటిని మేపడం, సాకడం దేవస్థానం బాధ్యత అవుతుంది. మేడారంలో కోళ్లు, యాటలు అంతకన్నా సూటిగా మనిషి బాకీ తీరుస్తాయి. తన అప్పు మరో ప్రాణితో కట్టించడం న్యాయమేనా అని బౌద్ధులు, జైనులు ఈ నేల మీదే అడిగారు. వాళ్ల ఆలయాల్లో దీపాలు ఆరిపోయినా ఆ ప్రశ్న ఆరలేదు.

మొక్కు పుట్టే చోటు ఎక్కువగా భయం ఉన్న చోటే. శ్రీరాంపూర్, మందమర్రి వైపు సింగరేణి కార్మికులు గనిని బాయి అంటారు. బాయి మీద చిన్న గుడి కనిపిస్తుంది. షిఫ్టుకు దిగేముందు దండం పెట్టుకుంటారు. పైకప్పు కూలడం, గ్యాసు, నీళ్లు, వీటిలో ఏదీ కార్మికుడి చేతిలో లేదు. అందుకే ఆ గుడికి పురాణం అక్కర లేకపోయింది. బ్యాంకాక్ నడిబొడ్డున ఎరవాన్ బ్రహ్మ మందిరం కథా ఇట్లాంటిదే. 1950లలో అక్కడ ఒక ప్రభుత్వ హోటల్ కడుతుంటే వరుసగా ప్రమాదాలు జరిగాయి. జ్యోతిష్కుడు చెప్పగా 1956లో నాలుగు ముఖాల బ్రహ్మను ప్రతిష్ఠించారు. హోటల్ కోసం పుట్టిన దేవుడు ఊరందరి దేవుడయ్యాడు. కోరిక తీరినవాళ్లు నాట్యగత్తెలకు డబ్బిచ్చి ఆయన ముందు ఆడించి మొక్కు చెల్లిస్తారు. 2006 మార్చిలో ఒకడు విగ్రహాన్ని పగలగొట్టాడు, రెండు నెలల్లో కొత్తది వచ్చింది. 2015 ఆగస్టులో బాంబు పేలి 20 మంది చనిపోయారు, రెండు రోజులకే మందిరం తెరిచారు. విగ్రహం బద్దలైనా, నేల నెత్తురైనా జనం వెనక్కి తగ్గలేదు. బాకీ ఉన్నవాళ్లు రాక మానరు.

అన్నిటికన్నా పెద్ద భయానికి గోదావరి ఒడ్డున రెండు చిరునామాలున్నాయి. ధర్మపురిలో నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలో యముడికి గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి ఉండదని నానుడి. ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ముక్తేశ్వరుడి దర్శనంతోనే అందరూ తరించిపోతుంటే యముడికి పనిలేకుండా పోయిందని, అందుకని ఆయనకూ పక్కనే చోటిచ్చారని స్థలపురాణం. ముందు కాలుడికి మొక్కి తర్వాతే ముక్తేశ్వరుడికి మొక్కాలి. చావును దాటవేసి మోక్షానికి పోయే అడ్డదారి ఆ గుడిలో లేదు. 2019లో అదే పేరుతో ప్రారంభమైన ఎత్తిపోతల పథకం, 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగడం, ఆ తర్వాతి విచారణలు వచ్చాక కాళేశ్వరం పేరు వార్తల్లో వేరే అర్థంతో తిరుగుతోంది. 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు వచ్చిన జనం మాత్రం నదిలో మునిగి ఆ రెండు లింగాలకే మొక్కారు.

ఇంతవరకూ వస్తే సంశయవాదికి మాట దొరుకుతుంది: క్షేత్రాన్ని నిలబెట్టేది జనం మొక్కే అయితే దేవుడనేది జనం రాసుకున్న పద్దు పుస్తకమే కదా. ఈ వాదం బలమైనదే. కానీ మొక్కు లోపల ఉన్నవాడికి అనుభవం తలకిందులుగా ఉంటుంది. నాగోబాను తామే నిలబెడుతున్నామని మెస్రం వంశస్థుడు అనడు, నాగోబా తమను నడిపిస్తున్నాడంటాడు. తన ఇష్టంతో పుట్టించుకున్న బాకీని మనిషి తన ఇష్టంతో కొట్టేసుకోగలడు. మొక్కు అట్లా కొట్టేసుకోనివ్వదు. ఏళ్లు గడిచినా, ఊరు మారినా, దుబాయిలో ఉన్నా గుర్తుకొస్తుంది, సెలవు పెట్టించి తీసుకొస్తుంది. ఆ పట్టు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర ఆస్తికుడు, నాస్తికుడు విడిపోతారు. పట్టు ఉందన్న దగ్గర విడిపోవలసిన పని లేదు.

వేమన ఎగతాళి చేసింది తిరుగుడునే, బాకీని కాదు అనవచ్చు. ఒక్కరోజు ట్రిప్పులో కారు దిగే నలుగురిలో ఒకరు చూడటానికి వచ్చి ఉంటారు, ఒకరు చెల్లించడానికి. ఒకే క్యూ, ఒకే టికెట్టు, గర్భగుడి ఎదుట అవే కొన్ని క్షణాలు. మొదటివారికి ఆ క్షణాలు తక్కువనిపిస్తాయి. రెండోవారికి చాలు, ఎందుకంటే వాళ్ల పని ఇంటి దగ్గరే, నెలల కిందటే మొదలైంది.

మొక్కు తెగిన చోట మళ్లీ పుడుతుందా? కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర కురిక్యాలలో బొమ్మలగుట్ట ఉంది. పదో శతాబ్దంలో, వేములవాడ చాళుక్యుల కాలంలో, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు ఆ రాతి మీద చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కించాడు. కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. జైన యాత్రికుల రాక ఆగి శతాబ్దాలైంది. తెలుగు ప్రాచీనతకు ఆధారాలు వెతుకుతున్నప్పుడు ఈ గుట్ట మళ్లీ వెలుగులోకి వచ్చింది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చాక దాని పేరు ఇంకా ఎక్కువ మందికి తెలిసింది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల నేల. తవ్వకాల నుంచి ఆ గుట్టను కాపాడాలని చరిత్రకారులు, భాషాభిమానులు అడుగుతూ వస్తున్నారు. వాళ్లు జైనులు కారు, చక్రేశ్వరికి కొబ్బరికాయ కొట్టడానికి గుట్ట ఎక్కరు. మూడు కంద పద్యాలకు తాము బాకీ ఉన్నామనుకుంటున్నారు, ఆ బాకీ కోసం అర్జీలు పెడుతున్నారు.