మత్తులో పోతే గోవిందుడు పలకడా?

అంత్యకాలంలో దేన్ని తలచుకుంటూ ప్రాణం విడుస్తామో దాన్నే చేరతామంటుంది గీత ఎనిమిదో అధ్యాయం. ఈ మాట పట్టుకునే మా అక్క, బావకు మార్ఫిన్ వద్దంది. "మత్తులో పడుంటే కడసారి గోవిందా అని ఎట్ల అంటాడురా?"

బావ తిరుమల ఘాట్ రోడ్డు బస్సుల్లో కండక్టరు. బస్సంతా గోవింద నామంతో మోగిపోతుంటే టికెట్లు చింపిన మనిషి. ఊపిరితిత్తి పైకొసన పుట్టిన గడ్డ చేతికి పోయే నరాలను పట్టుకుంది. భుజంలో పోటు ఒకటి, అక్కడినుంచి చిటికెన వేలిదాకా నిప్పు రాసినట్టు మంట ఇంకొకటి. రాత్రంతా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అట్లాంటివాడికి గుర్తొచ్చేది గోవిందుడా, చెయ్యా? స్మరణకు మత్తు అడ్డమైతే నొప్పి అంతకంటే పెద్ద అడ్డం అని వాదించాను. రిటైరైన తెలుగు పండితుణ్ణి, వాదన నాకు వృత్తిదోషం.

చివరికి మార్ఫిన్ మొదలుపెట్టారు, నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చినా రాకపోయినా. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పుణ్యమా అని అది దొరకడమే గగనంగా ఉండేది; 2014 సవరణతో కాస్త తేలికైంది. పోటు తగ్గింది. మోతాదు పెంచితే నిద్ర పెరిగిందే గాని మంట మాత్రం అట్లే ఉంది. అక్క భయపడిందీ దీనికే.

అప్పుడు డాక్టరమ్మ గాబాపెంటిన్, రాత్రిపూట ఒక చిన్న అమిట్రిప్టిలిన్ మాత్ర కలిపింది. చీటీ చూసిన మెడికల్ షాపు అబ్బాయి ఒకటి మూర్ఛకు, ఇంకొకటి మనోవ్యాధికి అన్నాడు. అక్క లబోదిబోమంది: "మీ బావకు ఫిట్సూ లేదు, పిచ్చీ లేదు గదరా!" నిజమే. కానీ దెబ్బతిన్న నరం ఊరికే పంపే తప్పుడు కబుర్లను అణచడం ఈ మందులకు తెలుసు. మార్ఫిన్ ఒక్కదానికి ఆ పని అంతగా చేతకాదు. ఇవీ మొదట్లో మగతనిస్తాయి, అందుకే కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. వారాలు పట్టింది. మంట దిగాక మార్ఫిన్ కొంత తగ్గించగలిగారు. ఒకరోజు తెల్లారి బావ కాఫీ అడిగి, "కొండ మీద రష్షు ఎట్లుందిరా?" అన్నాడు.

ఇక అక్క ప్రశ్న. తిరుమల ఆదివరాహ క్షేత్రం. పుష్కరిణి గట్టున వరాహస్వామిని చూశాకే శ్రీనివాసుడి దర్శనమని ఆచారం. ఆ వరాహస్వామి భూదేవికిచ్చిన మాటను వైష్ణవులు వరాహ చరమ శ్లోకమంటారు. ఒళ్ళూ మనసూ బాగున్నప్పుడు నన్ను తలచినవాడు కట్టెలా రాయిలా పడున్న వేళ నేనే వాణ్ణి తలచుకుంటానని దాని సారం. కడసారి తలచుకునే బాధ్యత స్వామే నెత్తిన వేసుకున్నాడు. కర్మ అనుభవించక తప్పదనే చుట్టాలకు ఇంకొకటి: భక్తుడు అనంతాళ్వారు విసిరిన గునపం శ్రీనివాసుడి గడ్డానికి తగిలిందంటారే, అక్కడ ఈనాటికీ పచ్చకర్పూరం అద్దుతున్నారు. దేవుడి గాయానికే మందు వేసిన ఊరు మనది.

మీ ఇంట్లో ఇట్లాంటి రోగి ఉంటే డాక్టరుకు నొప్పి ఎంతో చెప్పి ఊరుకోకండి. మంటా, పోటా, తిమ్మిరా, కరెంటు షాకా, రకం చెప్పండి. రెండో మాత్ర రాసేది దాన్నిబట్టే.