మరమ్మతు హక్కు - వర్తకధర్మము

వస్తువును అమ్మి సొమ్ము పుచ్చుకొన్న తరువాత ఆ వస్తువు ఎవరిది? మన అంగళ్ళలో చిన్న గుమాస్తా సహితము జవాబు చెప్పగలడు: కొన్నవానిది. కాని చెవి మిషను, కరెంటు చక్రాల కుర్చీ, నిద్రలో ఊపిరి ఆడించు యంత్రము మొదలగువాని విషయములో ఈ సులభమైన జవాబు చెల్లుట లేదు. కొన్నవాడు వీనికి సొమ్ము చెల్లించుటయే గాక తన బ్రతుకునే వీనిపై ఆనించి యున్నాడు. అయినను విడిభాగములు, విప్పు సాధనములు, మరమ్మతు తెలుపు పుస్తకము, సాఫ్ట్‌వేరు తాళము చాలచోట్ల తయారుచేసిన కంపెనీ చేతిలోనే ఉండిపోవుచున్నవి.

ఇందువలన ఎంత చిక్కు రాగలదో ఒక ఉదాహరణము చూడుడు. అమెరికాలో సెకండ్ సైట్ అను కంపెనీ, రెటీనా వ్యాధిచే చూపు పోయినవారికై ఆర్గస్ 2 అను పరికరమును తయారుచేసినది. కంటిలోపల 60 ఎలక్ట్రోడులు గల చిన్న పలక, కళ్ళజోడుకు కెమేరా, ఒంటిపై ధరించు ఒక పెట్టె. 2013లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. ప్రపంచములో 350 మందికి పైగా దీనిని అమర్చుకొని వెలుగునీడలపాటి చూపు పొందిరి. 2019లో కంపెనీ దీని తయారీ మానినది. 2020లో డబ్బు చాలక ఉద్యోగులలో చాలమందిని తొలగించినది. పలక కంటిలోనే ఉన్నది. బయటి పెట్టె చెడినచో దానికై వాకబు చేయుటయే శరణ్యమైనది.

కంపెనీ మోసము చేసినదని నేననను. వ్యాపారములో లాభనష్టములు ఎవరికిని తప్పవు. కాని అంగడి మూయువాడు, కొన్నవాని ఇంటి తాళపుచెవి కూడ పట్టుకొని పోవుట న్యాయమా?

తయారీదారుల వాదనలోను బలము లేకపోలేదు. మరమ్మతు తప్పిన గడియారము ఆగిన ఆగుగాక. ఊపిరి యంత్రము ఆగిన ప్రాణాపాయము. ఎవడో విప్పి పాడుచేయును, చెడ్డపేరు మాకు వచ్చును అని వారి భయము. దీనిని త్రోసివేయరాదు. అయితే ఈ భయమునకు తగిన మందు ఏది?

మన కాటాలనే చూతము. తూకము తప్పిన కొనువాడు నష్టపోవును. కనుక కాటాను ఎవరు పడితే వారు బాగుచేయరాదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము ప్రకారము మరమ్మతుదారునకు లైసెన్సు కావలెను. మరమ్మతు పిమ్మట పరీక్ష జరిగి ముద్ర పడవలెను. అంతేగాని కాటా చేసిన కంపెనీయే బాగుచేయవలెనని చట్టము చెప్పలేదు. అపాయము పరీక్షను కోరునే గాని ఒక్కని గుత్తను కోరదు.

ఇతరుల మరమ్మతు వలన విస్తారమైన ప్రమాదము కలదని తేల్చుటకు తగిన సాక్ష్యము లేదనియు, అట్టి మరమ్మతుదారులు వైద్యవ్యవస్థకు అవసరమనియు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థయే 2018లో తెలిపినది. 2022లో కొలరాడో రాష్ట్రము, కరెంటు చక్రాల కుర్చీల యజమానులకును, బయటి మరమ్మతుదారులకును విడిభాగములు, సాధనములు, సమాచారము ఇయ్యవలెనని శాసించినది. అదే ఏడు మన కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కుపై సంఘము నియమించి, సేద్యపు పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను ముందుగా ఎంచినది. వైద్య పరికరములు అందు లేవు.

హక్కునకును హద్దున్నది. కుర్చీ బ్యాటరీ మార్చుట వేరు, గుండెకు అమర్చిన పేస్‌మేకరు జోలికి పోవుట వేరు. శరీరములోపలి పరికరమును విప్పుట వైద్యుని పని. కాని దాని వివరములు రోగికిని వైద్యునికిని అందుబాటులో నుండవలెను. కంపెనీ ఎత్తివేసినపుడు వానిని సమర్థులకు అప్పగించిపోవలెను.

సోదరులారా, మనలో మందుల షాపులు, వైద్య పరికరముల ఏజెన్సీలు గలవారు కొందరున్నారు. సరుకు దించుకొనక మునుపే విడిభాగములు ఎన్నేండ్లు దొరకును, ఈ ఊరిలో బాగుచేయువాడెవడు అని కంపెనీని అడుగుడు. జవాబు రానిచో ఆ మాట దాచక కొనువానికి చెప్పుడు. ముసలివానికి చెవి మిషను అమ్మినవాడు, అది మూగపోయిన నాడు ముఖము తప్పించుకొనిన, నాడు పుచ్చుకొన్న లాభము న్యాయమైనదగునా? చట్టము వచ్చువరకు వేచియుండక మనమే ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.