బస్సు ఎక్కని బిడ్డ ఏం నేర్చుకున్నాడు?

చదువంటే పుస్తకం ముందు కూర్చోవడమేనని మనలో చాలామంది అభిప్రాయం. అందుకే బడిలో పిల్లల చేత చింతగింజలు లెక్కపెట్టించినా, ఆకులు ఏరించినా, మట్టితో బొమ్మలు చేయించినా ‘ఆటలతో కాలం గడిపేస్తున్నారు’ అనుకుంటాం. ఇక విహారయాత్ర అంటూ బడి నుంచి చీటీ వస్తే, అందులో మనం మొదట చూసేది రుసుము ఎంత అన్నదే. ఇవ్వగలిగినవారు ఇస్తారు. ఇవ్వలేనివారు ‘ఈసారికి వద్దులే నాన్నా’ అని బుజ్జగిస్తారు. విషయం అక్కడితో ముగిసిందనుకుంటాం.

నిజానికి అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. చేతులతో చేసి, కళ్లతో చూసి నేర్చుకోవడం చదువులో భాగమా? లేక డబ్బున్నవారి పిల్లలకు దక్కే అదనపు వినోదమా? చదువులో భాగమే అయితే, కొందరిని తరగతిలో వదిలేసి మిగతావారిని తీసుకెళ్లడం న్యాయమేనా?

చూపి నేర్పడం

హజ్రత్ ఇబ్రాహీం (అ) మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని తన ప్రభువును వేడుకున్నారు. ఆయనకు విశ్వాసం లేక కాదు, మనసు కుదుటపడాలని. అల్లాహ్ ఆ కోరికను తప్పు పట్టలేదు. నాలుగు పక్షులను తీసుకుని మచ్చిక చేసుకోమని ఆదేశించాడు (ఖుర్ఆన్, 2:260). విన్నదానికీ చూసినదానికీ మధ్య ఎంత తేడా ఉందో ఈ ఒక్క సంఘటన చాలు మనకు తెలియజెప్పడానికి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధనా పద్ధతి కూడా ఇదే. ఒక అబ్బాయి మేక తోలు సరిగా ఒలవలేక అవస్థపడుతుంటే, ఆయన అతన్ని కాస్త పక్కకు జరగమని, స్వయంగా చెయ్యి పెట్టి ఎలా ఒలవాలో చూపించారు. మనిషి ఆశలూ ఆయుష్షూ ఎలాంటివో వివరించడానికి నేల మీద గీతలు గీశారు. నమాజు తనను చూసి నేర్చుకోమన్నారు. మన ఇళ్లలో పిల్లలకు వుజూ నేర్పేది కూడా ఇలాగే కదా! పుస్తకం చదివించి ఊరుకోము. నీళ్ల దగ్గర పక్కన నిలబెట్టుకుని, మోచేతి వరకు నీళ్లు చేరాయో లేదో తడిమి చూస్తాం. దీని విషయంలో ఒప్పుకున్న పద్ధతిని లెక్కల విషయంలో, పరిసరాల విజ్ఞానం విషయంలో ఎందుకు కాదనాలి?

ఇది మన రాష్ట్రానికి కొత్త కూడా కాదు. 1980వ దశకంలో బ్రిటన్ సహాయంతో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయులకు ఆరు సూత్రాలు బోధించింది. పని చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వినియోగించుకోవడం వాటిలో ఉన్నాయి. బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది. సూత్రాలకు కొరత లేదు. వాటిని పాటించడానికి ఏమేం కావాలన్నదే ప్రశ్న.

పెరట్లో ఉన్న పాఠం

నెల్లూరు జిల్లా పడమటి ప్రాంతాన్నే తీసుకుందాం. ఉదయగిరిలో నర్ది కర్ర వంటి కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు తయారు చేస్తారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో ఉన్నవారిలో ఎక్కువమంది ముస్లిం మహిళలే. ఊరి మీదనే 3,000 అడుగులు మించిన కొండ, దాని మీద కోట. ఆ కోటను 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. తర్వాత గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. ఆనాటి మసీదు ఇప్పటికీ కొండ మీద ఉంది. ఆత్మకూరు వైపు వెళితే పెన్నా నది మీద 78 టీఎంసీల నిల్వ సామర్థ్యంతో కట్టిన సోమశిల జలాశయం ఉంది. చరిత్ర, భూగోళం, గణితం, చేతిపని అన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి.

‘చెక్క పని పిల్లలు ఇంట్లో రోజూ చూసేదేగా, దానికి బడి దేనికి?’ అని ఎవరైనా అడగవచ్చు. రోజూ చూడటం వేరు, గమనించడం వేరు. ఒంటెనూ ఆకాశాన్నీ కొండలనూ నేలనూ చూడమని దివ్య ఖుర్ఆన్ పురికొల్పింది (88:17–20) వాటిని ఏనాడూ చూడనివారిని కాదు, వాటి మధ్యనే బ్రతికినవారిని. ఒక కొయ్య ముక్క నుంచి ఎన్ని చెంచాలు వస్తాయి? చెక్కాక ఎంత బరువు తగ్గింది? ఏ వైపు చెక్కితే చీలకుండా ఉంటుంది? ఇలా అడిగితే తల్లి చేతిలోని గరిటె పాఠమవుతుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే బిడ్డ, తల్లి ఉర్దూలో చెప్పిన ఉపాయాన్ని తెలుగులో తోటివారికి వివరిస్తే, అది భాషా పాఠం కూడా అవుతుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. చదువురాని తన తల్లికి కూడా విద్య ఉందని, టీచరు ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చారని ఆ బిడ్డ తెలుసుకుంటాడు.

అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. చేతిపనివారికి పోయిన గంట అంటే తగ్గిన రాబడి. వారి అనుమతి తీసుకోవాలి, వారి సమయానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. తమాషా చూసినట్లు చూసి రాకూడదు. రెండవది, నేర్చుకోవడానికి ఒక చెంచా నునుపు చేయడం వేరు, అర్ధరాత్రి దాకా గుట్టలకొద్దీ నునుపు చేయడం వేరు. బడి వేళల తర్వాత కుటుంబ పనిలో సాయపడటాన్ని 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణ అనుమతించింది. అంతమాత్రాన బిడ్డ నిద్రను, ఆటను, చదువును తీసుకునే హక్కు మనకు రాలేదు.

వెనుక మిగిలినవారు

బస్సు వెళ్లిపోయిన రోజున తరగతిలో మిగిలిన నలుగురు పిల్లలు ఏం నేర్చుకుంటారు? తమ ఇంటి పేదరికం తమ తప్పేనని నేర్చుకుంటారు. బస్సులో వెళ్లినవారు ఏం నేర్చుకుంటారు? తోటివాడు లేకపోయినా సంతోషంగా ఉండవచ్చని నేర్చుకుంటారు. ఈ రెండు పాఠాలూ ఏ పుస్తకంలోనూ లేవు. అయినా పిల్లలు వీటిని మరచిపోరు.

దూర ప్రయాణాలు చెడ్డవని మన ఉద్దేశం కాదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న నేలపట్టులో గూడబాతులను చూడటం ఏ బిడ్డకైనా మంచిదే. కాని అందరినీ తీసుకెళ్లలేని దూరం కంటే, అందరూ నడిచి వెళ్లగలిగే దగ్గర మేలు. దూరమే వెళ్లాలనుకుంటే, ఇవ్వగలిగినవారు మరొక బిడ్డ రుసుము కూడా కలిపి ఇవ్వాలి. ఎవరి డబ్బు ఎవరిదో పిల్లలకు తెలియనివ్వకూడదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఇవ్వమన్న బోధ మనకు ఉండనే ఉంది.

డబ్బు వల్లనే కాదు, ‘ఆడపిల్ల కదా’ అన్న మాటతో మిగిలిపోయేవారూ ఉన్నారు. తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో, లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పెద్ద పిల్లలకే అలా జరిగినప్పుడు చిన్నవారి సంగతి చెప్పనక్కరలేదు. అందుకే సోమశిలకు తీసుకెళితే నీటి అంచుకు పోనివ్వకూడదు. ఉదయగిరి కొండ శిఖరం చిన్నపిల్లలు ఎక్కేది కాదు, కింది నుంచి కోటను చూపించి బొమ్మ గీయించినా చాలు. బయలుదేరేటప్పుడు, దిగేటప్పుడు, తిరిగి ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టాలి. బాలికల వెంట మహిళా టీచరో, ఇద్దరు తల్లులో ఉండాలి. ఇతరుల బిడ్డలు మన చేతిలో అమానత్. భయానికి జవాబు ఇలాంటి జాగ్రత్తే, బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. ఈ ఏర్పాట్లన్నీ ఉన్నాక కూడా ఆడపిల్లను మాత్రమే ఆపితే, అది ఆమె హక్కును తగ్గించడమే అవుతుంది.

కాబట్టి ఈసారి బడి నుంచి చీటీ వచ్చినప్పుడు రుసుము ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఎంతమంది మిగిలిపోతున్నారని కూడా అడుగుదాం. మిగిలేవారు ఉంటే టీచరుతో కూర్చుని మరో దారి వెతుకుదాం. మన ఇంట్లో ఏదైనా పని విద్య ఉంటే, ఒక్క పూట తరగతికి వెళ్లి చూపించడానికి మొహమాటపడవద్దు. ఏ బిడ్డనూ వెనుక వదలని చదువును మన పిల్లలందరికీ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.