నీడను దిగులని ఎవరు చెప్పారు?

ప్రొద్దుటూరులో కొన్న డ్రాయింగ్ కాగితాలు పంచి, మీ ఊరి చెట్టు గీయండి అన్నాం. పులివెందుల వైపు తండా నుంచి వచ్చే ఒక పాప చింతచెట్టు గీసింది. మాలాగే సుగాలి ఇంటి పిల్ల. ఎండ పడే నేలంతా తెల్లగా వదిలేసింది. చెట్టు కింద మాత్రం పెన్సిల్ రుద్ది రుద్ది, వేలితో అలికి నల్లగా చేసింది. "ఎందుకమ్మా బొమ్మలో ఇంత దిగులు?" అని అడిగాం. పాప మా వైపు వింతగా చూసింది. "దిగులేముంది సార్? అది నీడ. మధ్యాన్నం మేకలు పండుకునేది ఆడనే."

చిన్నప్పుడు మేకలు కాసినవాళ్ళమే మేమూ. అయినా మరిచాం. డీఎడ్‌లో నేర్చుకున్నది నోటికొచ్చింది: వెలుతురు ఆశ, నలుపు దుఃఖం. ఎండ కోసం ఎదురుచూసే చలిదేశాల్లో ఆ లెక్క సరిపోతుందేమో. మే నెల మధ్యాహ్నం జమ్మలమడుగు రోడ్డు మీద నిలబడినవాడు ఎండను ఆశ అనడు. ఇంగ్లీషులో షేడ్ వేరు, షాడో వేరు. తెలుగులో రెండూ నీడే. నిలువ నీడ లేదంటే ఇల్లు లేదని.

ముద్దనూరు దగ్గర చింతకుంట రాళ్ళ మీద పూర్వీకులు ఎరుపు, తెలుపు రంగులతో బొమ్మలు వేశారు. జింకలున్నాయి, మూపురం ఎద్దులున్నాయి. మేము చూసినంతలో దేనికీ నీడ లేదు. అందుకని వాటిలో భావం లేదనగలమా?

మరి గీసినవాళ్ళు చెప్పిందే అర్థం, మనం నోరు మూసుకోవాలా? మిత్రులారా, ఆ తప్పు కూడా చేశాం. పాప మాటకు బెదిరి, బొమ్మల్లో భావం వెతకడమే మానేశాం. సూర్యుడు ఎటున్నాడు, నీడ ఎటు పడింది, అంతే చూసి మార్కులు వేశాం.

ఏప్రిల్ ఆఖరు, ఒంటిపూట బడి. ఒక పిల్లవాడు గోడ పక్కన ఒక మోడు, పైన సూర్యుణ్ణి గీశాడు. నీడ లేదు. "నీడ మరిచావు" అని ఎర్ర సిరాతో రాసి రెండు మార్కులు తగ్గించాం. వాడేమీ అనలేదు.

మన ప్రాంతంలో ఏప్రిల్ ఆఖరులో, మళ్ళీ ఆగస్టు నడుమ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కట్టెకు కాసేపు నీడ ఉండదు. కొమ్మలున్న చెట్టుకైతే కాళ్ళ కిందే కుప్పగా పడుతుంది. మోడుకు అదీ లేదు. సైన్సు చెప్పే మాకే ఇది తట్టలేదు (తట్టాల్సింది).

కొన్నాళ్ళకు వాళ్ళ తండాకు పోయాం. కరెంటు తీగలకు అడ్డమని వేపచెట్టు కొమ్మలన్నీ కొట్టేసి ఉన్నాయి. వాడి అవ్వ పగలంతా ఆ చెట్టు కిందే మంచం వేసుకునేదట. ఆ బొమ్మలో నలుపు చుక్కయినా లేదు, అంతా వెలుతురే. మేము చదివిన పుస్తకం లెక్కన అది సంతోషమైన బొమ్మ. పాప దగ్గర అడగకముందే అర్థం చెప్పాం. వీడి దగ్గర అసలు అడగనే లేదు. రెండోదే పెద్ద తప్పని ఇప్పుడనిపిస్తుంది.

మార్కులు సరిదిద్ది, బొమ్మ ముందు పెట్టి చెప్పమన్నాం. గోడవారన ఉన్న నాలుగైదు సన్న గీతల మీద వాడు వేలు పెట్టాడు. "ఇది అవ్వ మంచం సార్. ఈడికి జరిపినాం."

మేము వాటిని కంచె అనుకున్నాం.