పండుగ పంక్తిలో పలుకని అన్నదమ్ములు

క్రిస్మసునాడు మీ యింటివారందరు ఒక్క పంక్తిని కూర్చుండి భోజనము చేసి ఎన్ని సంవత్సరములైనది? గోడలకు సున్నము వేయించితిరి, గుమ్మమునకు నక్షత్రము కట్టితిరి, పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టించితిరి. అయితే ప్రక్క వీధిలోనున్న అన్నగారికి కబురు పంపితిరా? "పలుకనివానితో పంక్తిని కూర్చుండుట వేషధారణ కాదా, అయ్యగారూ?" అని సంఘములలో అనేకులు నన్నడిగిరి. ప్రశ్న మంచిదే. నేనును ఒకప్పుడు అడిగినవాడనే.

మొదట ఒక నవ్వు నాటకమును మీ యెదుట పెట్టెదను. ఇంగ్లాండు రాజైన రెండవ హెన్రీ కుటుంబమును గూర్చి జేమ్స్ గోల్డ్‌మన్ అను అమెరికా రచయిత వ్రాసిన "ది లయన్ ఇన్ వింటర్" 1966లో న్యూయార్కులో ప్రదర్శింపబడెను. 1968లో చలనచిత్రముగా వచ్చెను. కథ 1183వ సంవత్సరపు క్రిస్మసునాటిది. ఫ్రాన్సు దేశమందలి షీనోను కోటకు రాజు తనవారినందరిని రప్పించెను. రాణి ఎలియనోరు చెరలోనుండి వచ్చినది. ఆమెను చెరలో పెట్టినవాడు భర్తయే. పండుగ మట్టుకు విడిపించి తెప్పించినాడు! తన తరువాత కడగొట్టు కుమారుడైన జాను రాజు కావలెనని తండ్రి కోరిక, రిచర్డు కావలెనని తల్లి కోరిక. నడిమివాడైన జెఫ్రీ ఎవరికిని అక్కరలేదు. కానుకల పొట్లములు ఒక ప్రక్క, మాటల పోట్లు మరియొక ప్రక్క. ఒకడు మాటలాడుచుండగా మరియొకడు తెర వెనుక దాగి వినుచుండును. చూచువారు కడుపుబ్బ నవ్వుదురు.

ఆ సంవత్సరము అట్టి కూడిక జరిగినట్లు చరిత్రలో లేదు, అది కల్పన. పగ మాత్రము కల్పన కాదు. 1173లో కుమారులు తండ్రిమీద తిరుగబడిరి. వారి పక్షము వహించినందుకు రాణి దాదాపు 15 సంవత్సరములు కావలిలో నుండెను. 1189లో హెన్రీ ఆ షీనోనులోనే మరణించెను. తన శత్రువులతో చేరినవారిలో ముద్దు కుమారుడైన జాను పేరు విని అతని గుండె పగిలెనని చెప్పుదురు. నాటకమునకు నవ్వినవారు ఈ సంగతియు ఎరిగియుండుట మేలు.

ఒకరి యింటి కలహమునకు నవ్వుట పాపమా? గోడ మీదుగా తొంగిచూచి, "మా యింట ఇట్టివి లేవు" అని నవ్వినయెడల అది పరిసయ్యుని నవ్వు. "అయ్యో, ఇది మా యింటి సంగతియే" అని నవ్వినయెడల దానిలో సగము ఒప్పుకోలున్నది. క్రిస్మసుకు మనము తెరచు మత్తయి మొదటి అధ్యాయమును చూడుడి. వంశావళి గదా అని దాటిపోవుదుము. (ఆ పేరులు పలుకలేక మాబోటి గురువులును దాటిపోవుదురు.) అందులో యూదాయు తామారును ఉన్నారు, ఊరియా భార్యయు ఉన్నది. మచ్చలేని కుటుంబము దొరకువరకు ప్రభువు కాచుకొనియుండలేదు.

ఇప్పుడు నా సంగతి. మా పొలముల నడుమ గట్టుమీద ఒక చింతచెట్టు. దాని కాయలెవరివని నాకును మా అన్నకును మాట పెరిగి, మూడేండ్లు పలుకులు లేవు. అప్పటికే నేను గురువును. ప్రతి క్రిస్మసుకు భూమిమీద సమాధానమును గూర్చి ప్రసంగించుచునే యుంటిని! నాల్గవయేట మా తల్లి ఇద్దరిని పిలిచెను. ఆరాధన ముగించుకొని సాయంకాలమునకు ఇల్లు చేరితిని. "మనసులో ఒకటి పెట్టుకుని పంక్తిలో కూర్చోలేనమ్మా, అది వేషం" అంటిని. "వేషమైతే వేషమే. ముందు చెయ్యి కడుక్కో" అని ఆమె విస్తరి వేసినది, అన్నకు మూరెడు దూరములో.

మా అన్న నా వైపు చూడక, "అమ్మా, ఆ ఉప్పు ఇటివ్వమని నీ చిన్నకొడుకుతో చెప్పు" అనెను. "చిన్నోడా, ఉప్పిమ్మంటున్నాడు." "కూరలో ఉప్పు సరిపోయిందని నీ పెద్దకొడుకుతో చెప్పమ్మా." ఇట్లు కొంతసేపు జరుగగా ఆమె గరిటె క్రింద పెట్టి, "నేనేమైనా తపాలా బంట్రోతునా?" అని అరచినది. పిల్లలు ఫక్కున నవ్విరి. మా వదిన కొంగు నోటికడ్డము పెట్టుకొనెను. మా అన్న నవ్వాపుకొనబోయి పొలమారి దగ్గుచుండెను. నీళ్ల చెంబు నా ప్రక్కనుండెను. ఇచ్చితిని. త్రాగి, "చాల్లేరా" అనెను. మూడేండ్లకు నాతో పలికిన మొదటి మాట అది.

ఆనాడు చింతచెట్టు తగవు తీరలేదు. మరి రెండేండ్లు పట్టెను, ఊరి పెద్దలు రావలసివచ్చెను. కాబట్టి పంక్తియే సమాధానమని నేను చెప్పను. సహోదరునికి మనమీద విరోధమున్నట్లు జ్ఞాపకము వచ్చినయెడల, కానుకను బలిపీఠమునొద్దనే విడిచి మొదట అతనియొద్దకు వెళ్లవలెనని ప్రభువు నేర్పెను గాని, మనస్సు చక్కబడువరకు ఇంట కూర్చుండుమని నేర్పలేదు. కాళ్లు ముందు నడచి మనస్సు వెనుక వచ్చుట వేషధారణ కాదు. సమాధానము అక్కరలేకయే అది ఉన్నట్లు నలుగురికి కనబడగోరుట వేషధారణ.

ఇట్టిది జరుగుచున్నది గనుకనే చెప్పుచున్నాను. కొన్ని యిండ్లలో పండుగ పేరు చెప్పి నోరు మూయింతురు. భాగము పోగొట్టుకొన్న చెల్లెలు నోరెత్తినను, దెబ్బలు తిన్న కోడలు కన్నీరు పెట్టినను, "పండుగపూట ఎందుకమ్మా" అందురు. ఆ సమాధానమునకు వెల యిచ్చునది ఎవరు? అన్యాయము చేసినవాడు కాడు. అట్టి పంక్తికి రానని ఆ చెల్లెలు చెప్పినయెడల నేనామెను తప్పుపట్టను. గురువుగా నేను వెళ్లి నచ్చచెప్పవలసినది ఆమెకు కాదు, ఆమె అన్నకు.

మాది చింతకాయల తగవు గనుక నవ్వు చాలినది.

ఆ నాటకము చివర రాణి మరల చెరకే పోవును. ఏ తగవును తీరలేదు. అయినను విడిపోవు వేళ ఆ భార్యాభర్తలు రాబోవు ఈస్టరును గూర్చి మాటలాడుకొని నవ్వుదురు. మా అన్నయు ఆ రాత్రి గుమ్మములో చెప్పులు తొడుగుకొనుచు, నా వైపు చూడకయే, "అమ్మా, చింతకాయ దింపించేటప్పుడు నీ చిన్నకొడుక్కి కబురు పెట్టమంటావా?" అనెను. ఆమె విననట్టు గిన్నెలు సర్దుకొనుచుండెను. ఇక నేనే పలుకవలసివచ్చెను.