తాళపుచెవి అప్పగింపబడినవాడు

ధ్యానభాగములు: లూకా 16:10-12, 2 రాజులు 6:1-7, నిర్గమకాండము 22:7-15



ఇశ్రాయేలు దేశములో యెహూ అను సేనాధిపతి యుండెను. అతని రథము ఇంకను దూరమున నుండగానే, ముఖము కనబడకున్నను, యెజ్రెయేలు గోపురముమీది కావలివాడు బండి తోలు తీరునుబట్టి అతడే యని గుర్తుపట్టినట్లు రాజుల రెండవ గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో చదువుచున్నాము. మనిషి బండి తోలు తీరు అతని హృదయమును దూరమునుండియే తెలియజేయును. ఈ మాసము మేము మీతో చెప్పగోరునది ఈ సంగతియే. అయితే యెహూ తన రథమును తోలెను. మేము చెప్పబోవునది పరుల బండిని గూర్చి.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఈ మూడును పాత వరంగల్లు జిల్లాలోని ఊళ్లే. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. జనగామలో హైదరాబాదు రోడ్డుమీది కార్లు, మహబూబాబాదులో ట్రాక్టర్లు, ఆటోలు, భూపాలపల్లిలో బొగ్గు లారీలు. ఎక్కడ చూచినను రోడ్డు ప్రక్క మెకానిక్ షెడ్లు. మన సంఘములలో భూమి లేని కుటుంబముల పిల్లలు అనేకులు ఈ షెడ్లలో పని నేర్చుకొని, కూలికి పోవు తలిదండ్రులను ఆదుకొనుచున్నారు. ఇది గౌరవమైన వృత్తి. మన ప్రభువును వడ్రంగి పనిముట్లు పట్టినవాడే గదా. ఆ పిల్లలను చిన్నబుచ్చుటకు మేము ఈ మాటలు వ్రాయుట లేదు.

మా పాస్టరేటుకు ఒక పాత మారుతీ ఓమ్ని వ్యాను గలదు. కోతపండుగ కానుకలు కొంత, స్త్రీల సమాజమువారి పిడికెడు బియ్యపు సొమ్ము కొంత కూర్చి దానిని కొంటిమి. మన తల్లులు పూటపూటకు ఎసట్లో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసిన బియ్యమది. ఆ వ్యాను ఆదివారము నాలుగు గ్రామముల ఆరాధనకు పోవును. రాత్రివేళ నొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చును.

గత వేసవిలో బ్రేకులు సరిగా పడుట లేదని దానిని జనగామలో ఒక షెడ్డులో ఇచ్చితిమి. అక్కడ పనిచేయు పిల్లవాడు మన సంఘపు బిడ్డయే. సండేస్కూలులో వచనములు కంఠతా చెప్పి బహుమానము పొందినవాడు. బండి ఇచ్చునప్పుడు మా సంఘ పెద్దలలో ఒకరు, రిటైరైన లెక్కల మాస్టరుగారు, తమ అలవాటు చొప్పున మీటరు అంకెను లాగుబుక్కులో వ్రాసికొనిరి.

సాయంకాలము మేము బజారు పని ముగించుకొని సిద్దిపేట రోడ్డు ప్రక్క టీ త్రాగుచుండగా, మా వ్యానే దుమ్ము లేపుకొనుచు మా ముందునుండి దూసికొనిపోయెను. లోపల నలుగురు పిల్లలు. పాటలు గట్టిగా మ్రోగుచుండెను. రోడ్డు దాటుచున్న ఒక అవ్వ తన మనుమరాలిని చేయి పట్టి వెనుకకు గుంజుకొనెను. జానెడు సందు మిగిలెను. ఆ అవ్వ చాలసేపు కదలలేక అక్కడనే నిలిచిపోయెను. మేమును చేతిలో కప్పుతో అట్లే నిలిచిపోతిమి.

గంట తరువాత షెడ్డుకు పోతిమి. పిల్లవాడు చేతులు తుడుచుకొని, తాళపుచెవి రెండు చేతులతో అందించి, "బ్రేకులు మంచిగ పడుతున్నయ్ అయ్యగారూ, ట్రయలు గూడ కొట్టి చూసిన" అనెను.

"ఎందాక పోయినవ్ బిడ్డా?"

"గీ ముందటి మూల దాకనే."

మాస్టరుగారు మీటరు చూచిరి. 38 కిలోమీటర్లు పెరిగియున్నవి. ఆయన ఏమియు అనక, లాగుబుక్కు తెరచి అతని ముందు పెట్టిరి.

మాకు కోపము వచ్చెను. ఆ బండి ఎవరి బియ్యముతో కొన్నదో, ఆ చిన్నపిల్లకు ఏమైన నయ్యెడల ఏమి చేయుదువో యని గట్టిగానే అడిగితిమి. అతడు తల వంచుకొని అంతయు విని, మెల్లగా ఇట్లనెను: "తప్పే అయ్యగారూ. గని మొన్న తొర్రూరు పెండ్లికి పొయ్యేటప్పుడు నేను ఎనుక సీట్ల ఉన్న. ఆలస్యమైతుందని మీరే డ్రైవరన్నను ఇంకింత జోరుగ తోలుమన్నరు గద."

ప్రియులారా, ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోతిమి. అది నిజము. ఆ దినమున రోడ్డు అంచున వడ్లు ఆరబోసియుండెను. కుప్పల నడుమ పిల్లలు ఆడుకొనుచుండిరి. పెండ్లివారు ఎదురుచూచుచున్నారని మేము తొందరపెట్టితిమి. అతని వేగమునకు సరదా అని పేరు. మా వేగమునకు దేవుని పని అని పేరు పెట్టుకొంటిమి. చక్రము క్రింద పడువానికి ఈ రెండు పేర్లలో భేదమేమి? మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లులో 1912 మొదలు 1945లో ప్రభువునందు నిద్రించువరకు బిషప్పుగా నుండిన అజరయ్యగారు ఎడ్లబండిమీదను సైకిలుమీదను గ్రామములు తిరిగిరి. ఎద్దు నడకతో పోయినందున ఆయన సువార్త ఆలస్యము కాలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి వాక్యము తెరచితిమి. అక్కడ మాకు మూడు సంగతులు దొరకెను.

మొదటిది, ఎరువు సొమ్ము బరువు. ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యులు యొర్దాను ఒడ్డున మ్రాను నరుకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అతడు తన పని ఆగిపోయెనని గాని, చేయి నొచ్చెనని గాని ఏడ్వలేదు. అది తనది కాదే, ఎరువు తెచ్చినదే యని మొఱ్ఱపెట్టెను. ఆ బాధ ఎంత మంచి బాధ! తన వస్తువు పోయినదానికంటె ఇతరులది తన చేతిలో పోయెనని ఎక్కువగా దుఃఖించు మనస్సు దేవుడు మెచ్చు మనస్సు. ఎరువుల సొమ్ము బరువుల చేటని మన పెద్దలు ఊరకనే అనలేదు. షెడ్డులో నిలిపిన ప్రతి బండి వెనుక ఒక ఇల్లు గలదు. ఆ ఆటోమీద పిల్లల ఫీజులు నడుచుచున్నవి. ఆ ట్రాక్టరుమీద బ్యాంకు అప్పు గలదు. ఆ కారులో రేపు ఒక రోగి వరంగల్లు పోవలసియున్నది.

రెండవది, చూడని వేళ. యజమానుడు ఇప్పుడిప్పుడే రాడని తలంచి తోటి దాసులను కొట్టి, త్రాగి మత్తుడైన దాసునిగూర్చి ప్రభువు ఒక ఉపమానము చెప్పెను. వాని తప్పు ఎక్కడ ఆరంభమాయెను? యజమానుడు ఆలస్యము చేయుచున్నాడను తలంపులోనే. బండి యజమానుడు సాయంకాలము గాని రాడు. మీటరు ఎవరు చూతురు? ఇదే తలంపు. లోకము ముందు నీది నీవు సంపాదించుకొమ్మనును. లూకా పదునారవ అధ్యాయములో మన ప్రభువు దీనికి వేరైన క్రమము చూపెను: ముందు పరులది, తరువాత నీది. పరుల వస్తువును కాపాడనేరనివాని చేతికి స్వంతము వచ్చినను అది నిలువదని ఆయన భావము. రేపు స్వంతముగా షెడ్డు పెట్టవలెనని కోరు యౌవనుడా, నీ షెడ్డుకు పునాది నేడు పరుల తాళపుచెవిలో నున్నది.

మూడవది, నష్టమునకు జవాబుదారి గలదు. అప్పగించిన వస్తువును గూర్చియు, ఎరువు తెచ్చిన పశువునుగూర్చియు నిర్గమకాండములో దేవుడు విధులు నియమించెను. ఎద్దు గాయపడినను చచ్చినను ఎవరు అచ్చుకొనవలెనో అక్కడ స్పష్టము చేసెను. పొరుగువాని ఎద్దు దేవునికి అంత చిన్న సంగతి కాదు. మన దేశపు చట్టమును ఇదే దారిలో నడుచుచున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒకని వస్తువును అప్పగింతగా పుచ్చుకొనినవాడు తన స్వంత వస్తువును ఒక సామాన్య వివేకి ఎట్లు చూచుకొనునో అట్లు దానిని చూడవలెను. ఇచ్చిన పనికి కాక వేరు పనికి వాడి నష్టము తెచ్చినయెడల ఆ నష్టము అచ్చుకొనవలెను. బ్రేకు చూడుమని ఇచ్చిన బండిని విహారమునకు తీసికొనిపోవుట వేరు పనియే. బండి యజమానుడును తప్పించుకొనజాలడు. మరమ్మతుకిచ్చిన కారు తగిలి గాయపడిన ఒక స్త్రీ వ్యాజ్యములో, మరమ్మతుకు అప్పగించినంత మాత్రమున యజమానుని బీమా బాధ్యత తొలగిపోదని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, 18 ఏండ్లు నిండని బాలుడు బండి నడిపి తప్పు చేసినయెడల సంరక్షకునికి లేక బండి యజమానునికి 3 ఏండ్లవరకు జైలు, 25,000 రూపాయల జరిమానా గలవు.

ఇప్పుడు మన వృత్తి సహోదరులతో రెండు మాటలు. ట్రయలు చూచుట తప్పు కాదు. చూడక ఇచ్చుటయే తప్పు. అయితే ఎట్లు చూడవలెను? కొత్త ప్యాడ్లు వేసిన తరువాత పెడలును పలుమార్లు నొక్కి గట్టిపడనిచ్చినగాని మొదటి నొక్కులో అది లోపలికి పోవచ్చునని మాకంటె మీకే బాగుగా తెలియును. కొత్త ప్యాడు ఒరిసి అమరుటకు కొంత దూరము పట్టునని మీకు తెలియును. అనగా, మరమ్మతు చేసిన గంటలో ఆ బండి అన్ని గంటలకంటె తక్కువ నమ్మదగినది. రోగి మంచము దిగిన దినముననే అతనిని పరుగుపందెమునకు పంపుదుమా? గంటకు 60 కిలోమీటర్ల వేగములో బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. కాలు బ్రేకు మీదికి చేరుటకు పట్టు సెకనులోనే ఆ దూరము పోయినది. వేగము రెండింతలైనయెడల బ్రేకు నొక్కిన తరువాత నిలుచుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఇది ప్రసంగము కాదు, లెక్క. మాస్టరుగారు మాకు నేర్పిన లెక్క. ఖాళీ రోడ్డుమీద, నెమ్మదిగా, లైసెన్సు గలవాడు ఒక్కడే, చూడవలసినంత దూరము మాత్రమే నడిపి చూడుడి. బడి విడుచు వేళ, మందలు ఇల్లు చేరు వేళ వద్దు.

బండి యజమానులతోను రెండు మాటలు. సాయంకాలములోగా కావలెనని నాలుగుసార్లు ఫోను చేసి తొందరపెట్టి, కూలి దగ్గర పది రూపాయలకు బేరమాడి, తరువాత నమ్మకము లేదని నిందించుట న్యాయము కాదు. బండి ఇచ్చునప్పుడే మీటరు అంకెను ఇద్దరును చూచునట్లు వ్రాయుడి; అది అనుమానము కాదు, ఇరువురికిని కాపుదల. ట్రయలు ఎవరు నడుపుదురో అడుగుడి. వీలైనయెడల ప్రక్కన కూర్చుండుడి. చేసిన పనికి కూలి సంతోషముగా ఇయ్యుడి. మీ బండిలో కూర్చున్న పిల్లలు మీ తొందరను నేర్చుకొనుచున్నారని మరువకుడి. మేము మరచితిమి.

తరువాతి ఆదివారము సంస్కారపు భోజనమునకు ముందు మేము సంఘము ఎదుట నిలువబడి తొర్రూరు ప్రయాణమునుగూర్చి మా తప్పు ఒప్పుకొంటిమి. పిల్లవాని సంగతి ఎత్తలేదు, అది అతనిది. ఆరాధన ముగిసిన తరువాత అతడే స్త్రీల సమాజపు పెద్దమ్మ దగ్గరకు పోయి, 38 కిలోమీటర్ల పెట్రోలు ఖర్చు ఆమె చేతిలో పెట్టెను. ఆమె ఎందుకు బిడ్డా యని అడుగగా, "మీ బియ్యమమ్మా" అని మాత్రము అనెను. మాస్టరుగారు ఆ మొత్తమును లాగుబుక్కులో ఎక్కించిరి. కాని ఆ అవ్వను, ఆ చిన్నపిల్లను మేము మరల చూడలేదు. వారికి అచ్చుకొనుటకు మా చేతిలో ఏమియు లేదు. ఆ దినమున దేవుడు జానెడు సందు మిగిల్చెను. ప్రతిసారి మిగులునని తలంచుట ఆయనను శోధించుటయే.

ప్రియులారా, మనలో బండి లేనివారు అనేకులు. అయినను తాళపుచెవి లేనివాడు ఒక్కడును లేడు. ఈ దేహము, ఈ దినములు, మన యింటి పిల్లలు, పొరుగువాడు మనయందుంచిన నమ్మకము, ఇవన్నియు మనవి కావు. యజమానుడు కొంతకాలము మన చేతికిచ్చి వెళ్లియున్నాడు. ఆయన తిరిగి వచ్చి మీటరు చూచు దినము గలదు. అప్పుడు రెండు చేతులతో తాళపుచెవి అందించి, కన్నులెత్తి ఆయన ముఖము చూడగలవారమై యుందుము గాక.

ప్రార్థన: మా యజమానుడవైన ప్రభువా, పరులది మా చేతిలో నున్నప్పుడు మాకు భయమును ప్రేమను దయచేయుము. షెడ్లలో పనిచేయు మా బిడ్డలను, రోడ్లపై నడుచు మా పిల్లలను, ముసలివారిని కాపాడుము. మా తొందరను క్షమించి మా కాళ్లను, చేతులను నీ స్వాధీనములో నుంచుకొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.