మొదట చెవులు, పిమ్మట నాలుక

ధ్యాన భాగము: మార్కు సువార్త 7వ అధ్యాయము, 31 మొదలు 37 వరకు



మన సంఘ కుటుంబములలో ఒక చింత తరచుగా కనబడుచున్నది. బిడ్డకు నడక వచ్చినది, ఆటలు వచ్చినవి, రెండేండ్లు నిండవచ్చినవి; గాని నోట మాట రాలేదు. తల్లి లోలోపల క్రుంగిపోవుచుండును. అత్తగారు, “కంగారు పడకే అమ్మాయీ, వాళ్ల నాన్నకు మూడేళ్లు దాటాకే మాటొచ్చింది” అని ఊరడించును. పొరుగింటామె వసకొమ్ము అరగదీసి నాకించుమనును. వేరొకరు తాయెత్తు కట్టించుమందురు. తల్లి చేసిన పాపమని చాటున గుసగుసలాడువారును కలరు. ఆ తల్లి ప్రార్థన మనవి చెప్పుటకు లేచి, సిగ్గుపడి, మరల కూర్చుండును. ఈ మాసము ఆమెతోను, ఆమె ఇంటివారితోను, సంఘమంతటితోను మాటలాడగోరుచున్నాము.

దెకపొలి ప్రాంతములో కొందరు ఒక మనుష్యుని ప్రభువునొద్దకు తోడుకొని వచ్చిరి. అతనికి వినికిడి లేదు, మాటయు సరిగా రాదు. అప్పుడు ప్రభువు చేసిన పనుల వరుసను గమనింతము. మొదట ఆయన అతనిని జనులలోనుండి ప్రక్కకు తీసికొనిపోయెను. అతని లోపమును పదిమందికి వేడుకగా చూపలేదు. తరువాత తన వ్రేళ్లను అతని చెవులలో ఉంచెను. నాలుకను ముట్టినది ఆ పిమ్మటనే. సువార్తికుడు కూడ చెవులు తెరువబడిన సంగతి ముందు చెప్పి, నాలుక సడలిన సంగతి తరువాత చెప్పుచున్నాడు.

సువార్త వైద్యగ్రంథము కాదు. అయినను ఈ వరుసలో మనకు గొప్ప బుద్ధి యున్నది. మాట రాని బిడ్డను చూచినప్పుడు మనమందరము నాలుకనే చూతుము. నాలుక క్రింది పొర కోయించిన మాట వచ్చునని పరుగెత్తుదుము. ఆ పొర బిగువుగా నున్నయెడల పాలు త్రాగుటకో, కొన్ని అక్షరములు పలుకుటకో ఇబ్బంది కలుగవచ్చును గాని, మాటయే రాకపోవుటకు సాధారణముగా అది కారణము కాదు. బిడ్డ వినిన మాటనే నేర్చుకొనును. వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు రోమీయులకు వ్రాసెను. పసివాని మాటయు ఆలాగే వినుటవలన కలుగుచున్నది. కావున మొదట చెవులు చూడవలెను.

“మా వాడికి చెవులు బాగానే వినబడతాయి, తలుపు కొడితే తిరుగుతాడు” అని తల్లిదండ్రులు చెప్పుదురు. అది చాలదు. తలుపు చప్పుడు వినగల బిడ్డకు మెల్లని అక్షరముల ధ్వని వినబడకపోవచ్చును. నీడను చూచియో, నేల అదరుటవలననో తిరుగవచ్చును. పుట్టు చెవుడుగల బిడ్డ సహితము తొలి మాసములలో “ఉంగా, ఉంగా” యని పలుకును గనుక ఇంటివారు మోసపోవుదురు. చెవి పరీక్ష నేడు పుట్టిన పసికందునకు సహితము, నిద్రలోనే, నొప్పి లేకుండ చేయుచున్నారు. మొదటి మాసములో పరీక్ష, 3 మాసములలోపు నిర్ధారణ, 6 మాసములలోపు సహాయము అనునది వైద్యులు పాటించు క్రమము. అది తప్పిపోయినను, తెలిసిన దినముననే బయలుదేరుడి. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు చెప్పినది ఇచ్చట నిజము. మాట నేర్చుటకు తొలి యేండ్లే శ్రేష్ఠమైన కాలము.

మేనరికపు వివాహములు జరిగిన ఇండ్లలోను, నెలలు నిండక పుట్టిన బిడ్డల విషయములోను, పుట్టగానే కామెర్లు తీవ్రముగా వచ్చినవారి విషయములోను, మెదడు పొరల వాపు జ్వరము వచ్చిన బిడ్డల విషయములోను మరింత జాగ్రత్త కావలెను. చెవినుండి చీము కారుచున్నయెడల అందులో నూనెలు, ఆకు పసరులు పోయకుడి. వసకొమ్ములో పసివారికి హానిచేయు పదార్థము కలదు. దానిని నాకింపకుడి.

ఎప్పుడు చింతింపవలెను? ఏడాది నిండుసరికి బిడ్డ తన పేరు పిలిచిన తిరిగి చూడవలెను, చేయి ఊపుట వంటి సైగలు చేయవలెను. ఏడాదిన్నరకు కొన్ని మాటలు రావలెను, కావలసినదానిని వ్రేలితో చూపవలెను. రెండేండ్లకు “అమ్మా బువ్వ”, “తాత రా” అని రెండు మాటలు కలుపవలెను. ఇవి లేనప్పుడును, ముఖము చూడక, పిలుపునకు పలుకక యున్నప్పుడును వైద్యునికి చూపుడి. వచ్చిన మాట పోయినయెడల ఒక్క దినమైనను ఆగకుడి. కొందరు పిల్లలు ఆలస్యముగా మాటలాడి తోటివారిని అందుకొందురు, నిజమే. అయితే మన బిడ్డ అట్టివాడేనో కాదో ఇంట కూర్చుండి తెలిసికొనలేము.

ఎచ్చటికి పోవలెనని అడుగుదురేమో. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద మన పల్లెలలో అంగన్‌వాడీలున్నవి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఆరంభమైనది. దాని వైద్య బృందములు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను ఉచితముగా పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రములోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. అంగన్‌వాడీ టీచరుతో సంకోచింపక చెప్పుడి. బుద్ధి వికాసమునుగూర్చిన జాతీయ సంస్థ 1984 నుండి సికిందరాబాదులో పనిచేయుచున్నది. వినికిడికిని మాటకును ప్రత్యేకమైన అఖిల భారత సంస్థ 1965లో మైసూరులో స్థాపింపబడినది.

ఇంటిలో చేయవలసినదియు కలదు. తండ్రీ, చేనినుండి వచ్చి బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని మాటలాడుము. స్నానము చేయించునప్పుడు, బువ్వ పెట్టునప్పుడు, కోళ్లకు గింజలు చల్లునప్పుడు, చేయుచున్న పనిని వానికి చెప్పుము. వాడు పలుకుటకు కొంత ఆగుము. అన్నము తినిపించుటకు చేతికి ఫోను ఇయ్యకుము. రెండేండ్లలోపు బిడ్డలకు తెర బొమ్మలు తగవని, ఆ పిమ్మటను దినమునకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఫోను మాటలాడును గాని, బిడ్డ చెప్పునది వినదు.

ఇక పాపమని గుసగుసలాడువారికి ఒక మాట. పుట్టు గ్రుడ్డివానినిగూర్చి శిష్యులు ఇట్టి ప్రశ్ననే అడుగగా, వాడైనను వాని తల్లిదండ్రులైనను కారణము కారని ప్రభువు తేటగా సెలవిచ్చెను (యోహాను 9:3). తన నాలుక మాంద్యమును చెప్పుకొనిన మోషేను దేవుడు త్రోసివేయలేదు. నోటిని చేసినవాడను నేనే యని తెలిపి, అహరోనును తోడిచ్చెను (నిర్గమ 4వ అధ్యాయము). తోడిచ్చుట దేవుని పద్ధతి. ఆ తల్లికి సంఘము తోడుగా నున్నదా? దెకపొలిలోని ఆ మనుష్యుడు తనంతట తాను రాలేదు, ఎవరో తీసికొని వచ్చిరి. వారి పేరులు వ్రాయబడలేదు. జిల్లా ఆసుపత్రికి తోడు వెళ్లుట, బస్సు చార్జీ సర్దుట, ఆ దినము పెద్ద పిల్లలకు అన్నము పెట్టుట, ఇవన్నియు వారు చేసిన సేవ వంటివే. ప్రార్థించుదము, ప్రయాణమును కట్టుదము. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

అన్ని పరీక్షలు చేసి, అన్ని ప్రార్థనలు చేసినను, కొందరు పిల్లలకు నోటి మాట రాకపోవచ్చును. అప్పుడేమి? ప్రభువు చేసిన పనిని మరల చూడుడి. ఆ మనుష్యుడు వినలేడు గనుక ఆయన ముందుగా చేతులతో మాటలాడెను. చెవిని తాకి, నాలుకను తాకి, ఆకాశము తట్టు చూచి, నిట్టూర్చెను. “ఎప్ఫతా” అను మాట పలికినది ఆ తరువాతనే. సైగ భాష తక్కువది కాదు, మన రక్షకుడు దానితో పలుకరించెను. ఆ బిడ్డను ఇంట దాచకుడి. సండే స్కూలులో ముందు వరుసను కూర్చుండబెట్టుడి. వాని తోటి పిల్లలు వాని సైగలు నేర్చుకొందురు గాక.

ప్రార్థన: చెవులను నాలుకను చేసిన తండ్రీ, మాకు వినుటకు చెవులిమ్ము. మాటలాడలేని బిడ్డ కన్నులతో చెప్పుదానిని, సిగ్గుపడి కూర్చున్న తల్లి చెప్పలేనిదానిని మేము వినునట్లు చేయుము. ఆలస్యము చేయక లేచు కాళ్లను, తోడు నడుచు మనస్సును దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.